ధాన్యం మిల్లులో లెక్కల మేస్టారు: 100 కిలోలు ఎక్కడెక్కడికి పోయాయి?

ఇది లెక్కల టీచర్ల కోసం రాసుకుంటున్న డైరీ. మీ ఊరి దగ్గర రైసు మిల్లో, జీడిపప్పు ఫ్యాక్టరీయో, ఇటుక బట్టీయో ఉండి, అక్కడి కొలతలను తరగతిలోకి తేవాలనుకుంటే ఏది పనిచేస్తుందో, ఏది చెడుతుందో ముందే తెలియడం మంచిది. ఎలా మొదలైందన్నది వదిలేస్తున్నాను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

స్థలం ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో ఒక పచ్చి బియ్యం (ధాన్యం ఉడకబెట్టకుండా ఆడేవి) మిల్లు. కాలం 2024-25 ఖరీఫ్ కొనుగోళ్ల సీజన్. నేను 9, 10 తరగతులకు లెక్కలు చెప్తాను. మా దగ్గర పాఠం ఇంగ్లిషులో, అనుమానాలు తెలుగులో, వెనక బెంచీ కబుర్లు ఒడియాలో నడుస్తాయి. సగానికి పైగా పిల్లలది వ్యవసాయ కుటుంబమే. కొందరికి ఇటు పొలం, అటు ఆంధ్రలోని పాతపట్నం వైపూ పొలం.

జాతీయ విద్యా విధానం 2020 టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. మిల్లులో గడిపిన గంటలను అందులో వేస్తారా లేదా అన్నది మా ప్రిన్సిపాల్ ఇంకా తేల్చలేదు. మిల్లు ఓనరు గారు మాత్రం అడగ్గానే బిల్లు కాగితం మీదే సర్టిఫికెట్ రాసిచ్చారు.

దశ 0: షరతులు

ఓనరు గారు పెట్టిన షరతులు ఇవి:

1. మిషను తిరుగుతుండగా పిల్లలు షెడ్డులోకి రాకూడదు.
2. రైతు పేరు, మిల్లు పేరు ఎక్కడా కనిపించకూడదు.
3. కళాసీల (బస్తాలు మోసేవాళ్ల) పని ఆపకూడదు.

మొదటి రెండూ న్యాయమైనవే. మూడోదే మమ్మల్ని చివరిదాకా వెంటాడింది. మీరు వెళ్తే ఈ విషయం ముందే గట్టిగా మాట్లాడుకోండి.

దశ 1: కాటా

ఒక ట్రాక్టరు లోడును మొదటి నుంచి చివరి దాకా వెంబడించాలన్నది పథకం. ధాన్యం లోపలికి ఎంత వెళ్లింది, బియ్యం, తవుడు, నూకలు, ఊకగా బయటికి ఎంత వచ్చింది, రెండూ సరిపోవాలి. పుస్తకంలో అయితే ఇది రెండు లైన్ల లెక్క.

వేబ్రిడ్జి చీటీ:

- లోడుతో: 8,140 కిలోలు
- ఖాళీ బండి: 3,560 కిలోలు
- తేడా: 4,580 కిలోలు
- బస్తాలు: 90

చీటీని ఫొటో తీసి తరగతిలో ఉన్నదున్నట్టు చూపించాను, ప్రశ్న రాయలేదు. పిల్లలు వెంటనే 90 × 50 = 4,500 చేసి, 80 కిలోలు ఎక్కువ తీసుకున్నారని కేకలు. గోనె సంచి గుర్తొచ్చింది ఒక్క అమ్మాయికే. 50 కిలోల కొత్త జనపనార సంచి బరువు 580 గ్రాములు. 90 సంచులు 52.2 కిలోలు. అంటే ధాన్యం 4,527.8 కిలోలు, ఎక్కువ ఉన్నది 27.8 కిలోలు, సంచికి దాదాపు 309 గ్రాములు.

అప్పుడు కాటా వైపు తిరిగాం. ఆ వేబ్రిడ్జి 10 కిలోల మెట్టులోనే చూపిస్తుంది. 8,140 అంటే 8,135 నుంచి 8,145 దాకా ఏదైనా కావచ్చు. ఖాళీ బండికీ అంతే. రెండూ కలిస్తే తేడాలో 10 కిలోలు అటో ఇటో. 27.8 కిలోల ఎక్కువ నిజంగా 17.8 కావచ్చు, 37.8 కావచ్చు. క్వింటాకు 3,100 చొప్పున (ఆ సీజన్‌లో కేంద్రం మద్దతు ధర 2,300, ఒడిశా ప్రభుత్వం పైన ఇచ్చిన 800) చూస్తే 552 రూపాయల నుంచి 1,172 దాకా. మోసం అనాలంటే ముందు కాటా ఎంతవరకు చెప్పగలదో చూడాలి. ఇది చెప్పాక కూడా వెనక బెంచీ ఒప్పుకోలేదు. ఎటు చూసినా సున్నా అయితే రావట్లేదు కదా సార్ అన్నారు. అదీ నిజమే.

ఒక చిక్కు: బస్తా అంటే ఎంత? పాతపట్నం వైపు పొలం ఉన్న పిల్లాడి ఇంట్లో బస్తా అంటే 80 కిలోలు. మండీలో (సర్కారు ధాన్యం కొనే చోట) 50. ఆ పిల్లాడి దిగుబడి లెక్క మిగతావాళ్ల కంటే తక్కువ తేలడానికి అదే కారణం. ఇకమీదట బస్తాల్లో ఏ జవాబూ తీసుకోనని బోర్డు మీద రాశాను, అన్నీ కిలోల్లోనే.

ఖర్చు: స్టీలు టేపు 180, నోటుబుక్కు 60. మొత్తం 240.
ధాన్యం లెక్క: లోపలికి 4,528 కిలోలు (దశాంశం వదిలేశాం).

దశ 2: తేమ

ఎక్కువ సమయం తిన్నది ఇదే. సర్కారు కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆడించాలంటే 14కు దగ్గరగా ఉండాలి. మిల్లు దగ్గర చిన్న డిజిటల్ మీటరు ఉంది. గిన్నెలో గింజలు పోసి మూత తిప్పితే అంకె వస్తుంది.

మొదటి పద్ధతి చెడింది. ట్రాక్టరు మీద పై వరుస బస్తాల నుంచి తీసిన గింజలన్నీ 15 చిల్లర చూపించాయి. అవి దారంతా ఎండ తిన్నవి. దించుతున్నప్పుడు ప్రతి తొమ్మిదో బస్తాను పక్కన పెట్టమని అడిగాం. 90లో 10. కళాసీల పెద్ద ఒప్పుకోలేదు. చివరికి బస్తా పక్కన పెట్టకుండా, వీపు మీద నుంచి దిగగానే ఇనప గొట్టం గుచ్చి గింజలు తీసుకునేట్టు రాజీ కుదిరింది.

రెండో చిక్కు మీటరుది. ఒకే పిడికెడు గింజలు మూడుసార్లు పోస్తే 17.1, 17.5, 17.2. పోసే ఎత్తును బట్టి గింజలు సర్దుకోవడం మారుతోంది. మార్చినవి:

1. ఎప్పుడూ ఒకే కాగితపు గరాటు, ఒకే ఎత్తు.
2. ఒక్కో నమూనాకు మూడు రీడింగులు, వాటి సగటు.
3. ఎండలోంచి తెచ్చిన గింజలు నీడలో చల్లారాకే మీటరులోకి.

పది బస్తాల రీడింగులు: 16.8, 17.1, 17.9, 16.6, 17.4, 18.8, 17.0, 17.2, 16.9, 17.3.

సగటు 17.30. మధ్యగతం 17.15. ఆ 18.8 బస్తా ఒక్కటి తీసేస్తే సగటు 17.13కు దిగుతుంది. తొమ్మిదో తరగతిలో మధ్యగతం ఎందుకు సార్ అని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్న జవాబు కంటే ఈ పది అంకెలు బాగా పనిచేశాయి. ఆ తడి బస్తా బండి అడుగున, టార్పాలిన్ చిరిగిన చోట ఉన్నదని తర్వాత తెలిసింది. దాన్ని తీసెయ్యాలా, ఉంచాలా? ఆడేది మొత్తం లోడు కాబట్టి ఉంచాం, 17.3 తీసుకున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. 17.3 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యాన్ని 14 శాతానికి ఎండబెడితే ఎంత తగ్గుతుంది? తరగతిలో దాదాపు అందరూ 3.3 కిలోలన్నారు. స్టాఫ్ రూములో అడిగితే అక్కడా అదే జవాబు వచ్చింది.

తడి పోతుంది, గింజలోని పొడి పదార్థం పోదు. పొడి భాగం 82.7 కిలోలు. ఎండాక అదే 82.7 కిలోలు మొత్తంలో 86 శాతం కావాలి. 82.7 ÷ 0.86 = 96.16. తగ్గింది 3.84 కిలోలు. మొదటి శాతం 100 మీద, రెండో శాతం 96 మీద. వాటిని తీసివేయడం కుదరదు. మొత్తం లోడుకు ఈ తేడా 24 కిలోలు.

బోర్డు మీద ఒప్పుకున్నారు గానీ ముఖాల్లో నమ్మకం లేదు. సరే, ఎండబెట్టి చూద్దామన్నాం. కిలో ధాన్యం, స్కూలు డాబా, వంటింటి డిజిటల్ కాటా.

- మొదటిసారి, చాప మీద: సాయంత్రానికి మీటరు 14.2. సూత్రం ప్రకారం 964 గ్రాములు ఉండాలి, కాటా 951 చూపించింది. 13 గ్రాములు గాయబ్. పిచ్చుకల పని. చాప సందుల్లో కూడా గింజలు దొరికాయి.
- మార్పు: చాప బదులు అంచున్న స్టీలు పళ్లెం, పైన దోమతెర, తిరగేయడానికి చేయి బదులు గరిటె.
- రెండోసారి, పళ్లెంలో: మీటరు 14.6. సూత్రం 968.4, కాటా 969.

969 చూశాక ఇక ఎవరూ 3.3 అనలేదు. అనలేదు అంటే ఆ వారం అనలేదు. యూనిట్ టెస్టులో ఇదే లెక్కను ఎండుద్రాక్ష మీద ఇస్తే కొందరు మళ్లీ తీసివేతకే వెళ్లారు.

మిల్లులో లోడును సిమెంటు కళ్లంలో ఎండబోశారు. ఎండాక మళ్లీ తూయమంటే మూడో షరతు అడ్డొచ్చింది, నేరుగా పిట్టులో (మిషనుకు ధాన్యం పోసే గుంటలో) పోసేశారు. మీటరు 14.0 చూపించింది. కాబట్టి ఎండిన బరువు తూచింది కాదు, సూత్రంతో కట్టింది: 4,354 కిలోలు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఖర్చు: కాటా 520, దోమతెర 90, ధాన్యం 10 కిలోలు 310. ఇప్పటిదాకా మొత్తం 1,160.
ధాన్యం లెక్క: 4,528లో నీరుగా పోయింది 174, మిగిలింది 4,354.

దశ 3: రబ్బరు రోళ్లు

ఊక వలిచే షెల్లరులో రెండు రబ్బరు రోళ్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. ఆ వేగాల తేడా వల్లే గింజ నలిగి ఊక ఊడుతుంది. ఈ మిల్లులో కొత్త రోలు వ్యాసం 254 మిల్లీమీటర్లు, అంటే 10 అంగుళాలు.

మిషను ఆపి, మెయిన్ స్విచ్ తీసి, ఫ్యూజును మిల్లు మేస్త్రీ తన జేబులో పెట్టుకున్నాకే నేను చెయ్యి పెట్టాను. దారంతో చుట్టుకొలత తీస్తే ప్రతిసారీ వేరే అంకె. దారం సాగుతోంది. దాని బదులు బిల్లు మిషను కాగితపు రోలు వాడాం: పట్టీని చుట్టి, రెండు పొరలు కలిసే చోట గుండుసూది గుచ్చి, విప్పి, రెండు చిల్లుల మధ్య దూరం స్కేలుతో కొలవడం. అరిగిన వేగం రోలుకు ఇలా 717 వచ్చింది. 228 మిల్లీమీటర్ల వ్యాసానికి లెక్క ప్రకారం 716. ఈ పద్ధతి ధైర్యంగా కాపీ కొట్టండి.

తిరిగే వేగం కోసం ముందు పుల్లీల లెక్క కట్టాం. మోటారు నిమిషానికి 1,440 చుట్లు, పుల్లీలు 7, 10 అంగుళాలు: 1,008 రావాలి. ఎలక్ట్రీషియన్ తన టాకోమీటరు (చుట్లు కొలిచే పరికరం) పెడితే 985. బెల్టు జారుతుంది, లోడు మీద మోటారు కూడా కాస్త తగ్గుతుంది. విలోమానుపాతం లెక్కలో ఈ 23 చుట్లు ఎక్కడా కనిపించవు. నెమ్మది రోలు 745.

| పరిస్థితి | వేగం రోలు, సెకనుకు మీటర్లు | నెమ్మది రోలు | తేడా |
|---|---|---|---|
| రెండూ కొత్తవి (254, 254) | 13.1 | 9.9 | 24 శాతం |
| అరిగాక (228, 240) | 11.8 | 9.4 | 20 శాతం |
| మార్చి బిగించాక (240, 228) | 12.4 | 8.9 | 28 శాతం |

వేగంగా తిరిగేది ఎక్కువ అరుగుతుంది. అరిగితే చుట్టుకొలత తగ్గి తేడా పడిపోతుంది, ఊక ఊడని గింజలు మిగిలిపోతాయి. అప్పుడు రెండింటినీ అటుదిటు మారుస్తారు. మేస్త్రీ ఇది టేపూ లేకుండా, టాకోమీటరూ లేకుండా చేస్తున్నాడు. కింద చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, అరచేతిలో పరిచి చూస్తాడు.

“పదికి రెండు ధాన్యం గింజలు కనబడితే రోలు మార్చీడమే మేస్టారూ. మీ అంకెలేటి చెప్తన్నాయి?”

“అదే చెప్తన్నాయి మేస్త్రీ గారూ, కాస్త ఆలస్యంగా.”

ఆయన నవ్వలేదు. పట్టికలో ఆ 28 చూసి, కొత్త రోళ్ల కంటే మార్చిన రోళ్ల తేడా ఎక్కువ రావడమేంటని అడిగాడు. పదో తరగతిలో ఎవరూ అడగని ప్రశ్న అది. చిన్న రోలు నెమ్మది వైపుకి చేరడంతో తక్కువ చుట్లూ, తక్కువ చుట్టుకొలతా రెండూ ఒకేవైపు పడ్డాయి. మార్చిన మొదట్లో నూకలు కొంచెం ఎక్కువ వస్తాయని, అందుకే రోళ్ల మధ్య ఒత్తిడి తగ్గిస్తానని తనే చెప్పాడు.

ఖర్చు: కాగితపు రోలు 40. మొత్తం 1,200.

దశ 4: బయటికి వచ్చినవి

ఒక్క లోడును విడిగా ఆడించడం అనుకున్నంత తేలిక కాదు. ఎలివేటరు అడుగున, జల్లెళ్ల మీద ముందటి లోడు గింజలు ఉంటాయి. రాత్రి ఖాళీ అయ్యేదాకా తిప్పి ఆపి, పొద్దున్నే మా లోడు ముందు పోయడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు. కళాసీలకు టిఫినూ టీ నావి.

తూచినవి:

1. బియ్యం: 59 సంచులు, పైన 21 కిలోలు. 2,971
2. తవుడు: 262
3. నూకలు: 118
4. తాలు, రాళ్లు, మట్టి: 61

మొత్తం 3,412. మిగిలిన 942 కిలోలు ఊక అనుకోవాలి. ఇలా తీసివేతతో తేల్చడం నాకు నచ్చలేదు. దారిలో పోయినవన్నీ, తప్పిన కొలతలన్నీ ఊక పేరు మీద దాక్కుంటాయి. ఊకను విడిగా కొలవాలి. తూచడం కుదరదు, అది బ్లోయరు గొట్టంలోంచి నేరుగా పెరట్లోకి ఎగిరి పడుతుంది.

పుస్తకంలో గోధుమ రాశి శంకువు లెక్క అందరం చెప్పిందే. మా రాశి మొదట గోడకు ఆనుకుని పడింది, సగం శంకువూ కాదు, ఇంకేదీ కాదు. అందుకే అసలు లోడుకు గొట్టాన్ని ఊడ్చిన ఖాళీ మూలకు తిప్పించాం. చుట్టూ తాడు వేస్తే 13.6 మీటర్లు. ఎత్తుకు కోణమానిని తయారుచేస్తామని పిల్లలు పట్టుబట్టారు గానీ, సన్నని వెదురు కర్ర శిఖరం నుంచి నేల తగిలేదాకా గుచ్చితే పనైపోయింది: 1.7 మీటర్లు. వ్యాసార్ధం 2.16, ఘనపరిమాణం 8.34 ఘనపు మీటర్లు.

సాంద్రత కోసం 20 లీటర్ల బకెట్. వదులుగా నింపితే 2.2 కిలోలు, అంటే ఘనపు మీటరుకు 110. రాశి బరువు 917 కిలోలు. అదే బకెట్‌ను నేలకేసి రెండు దెబ్బలు కొట్టి నింపితే 2.5 కిలోలు, రాశి 1,042 కిలోలు! బకెట్‌కు తగిలిన రెండు దెబ్బలు 125 కిలోలు తెచ్చాయి. π విలువ 22/7 వేయాలా 3.14 వేయాలా అని పిల్లలు గొడవపడుతున్నారు అప్పుడు. దాంతో మారేది కిలో కూడా కాదు. గొట్టంలోంచి పడే ఊక వదులుగానే పడుతుంది కాబట్టి 917 ఉంచాం. 942తో తేడా 25 కిలోలు.

ఇంకో తగాదా బియ్యం శాతం మీద. పచ్చి బియ్యానికి ప్రభుత్వం అడిగేది క్వింటా ధాన్యానికి 67 కిలోలు. మా లోడులో 2,971ని 4,528తో భాగిస్తే 65.6, ఎండిన 4,354తో భాగిస్తే 68.2. ఓనరు గారు మొదటిది పట్టుకున్నారు, పిల్లలు రెండోది. అందులో ఏ సంఖ్యా అబద్ధం కాదు. రెండు జట్లుగా వాదించమని ఒక పీరియడ్ వదిలేశాను, ఆ గంటలో తరగతి ఎంత బాగా నడిచిందో నాకే ఆశ్చర్యం.

ఖర్చు: తాడు 110, టిఫిను, టీ 400. మొత్తం 1,710.
ధాన్యం లెక్క: 4,354లో చేతికి దొరికినవి 3,412 + ఊక 917 = 4,329. దొరకనిది 25.

దశ 5: తరగతిలో

మిల్లు అంకెలతో తయారుచేసిన మొదటి వర్క్‌షీట్ తేలిపోయింది. అన్ని సంఖ్యలూ ఇచ్చి ‘కనుగొనుము’ అని రాస్తే, మిల్లు లెక్క కూడా పుస్తకం లెక్కలాగే చచ్చింది. మార్చినవి:

1. సంఖ్యలకు బదులు చీటీల ఫొటోలు. కావలసింది వాళ్లే ఏరుకోవాలి.
2. ప్రతి శాతం పక్కన ‘దేని మీద?’ అని ఒక గడి. ఖాళీగా ఉంటే మార్కు లేదు.
3. ఒక్కో కాగితం మీద అక్కర్లేని కొలత ఒకటి కావాలనే వదిలేయడం.

ఇంటికి వెళ్లిన కాగితాల్లో ఒకటి ఒక తండ్రిని బడికి రప్పించింది. ఆయన చేతిలో మండీ లెక్క. తేమ ఎక్కువని క్వింటాకు 5 కిలోలు కోశారట. ఇలా తూకంలో కోయడాన్ని ఒడిశాలో ‘కట్నీ ఛట్నీ’ అంటారు, ఆ మాట తెలియని రైతు ఉండడు. పిల్లలకు ప్రశ్నను తిప్పి ఇచ్చాను: 17 శాతానికి తేవడానికి 5 కిలోలు కోయడం న్యాయం కావాలంటే, అసలు తేమ ఎంత ఉండాలి? ఎండాక మిగిలే 95 కిలోల్లో పొడి పదార్థం 83 శాతం, 78.85 కిలోలు. అంటే తేమ 21.15. తేమ 19 అయితే కోయవలసింది 2.41 కిలోలే. అసలు 17 దాటినది ఎండబెట్టి తెమ్మనాలి గానీ కోత అన్నదే నిబంధనల్లో లేదు, అది వేరే మాట.

“ఇరవయ్యొకటి ఉంటే గింజ ఒత్తితే నొక్కు పడతాది మేస్టారూ. మాది పంటి కింద టక్కుమంది” అన్నాడాయన. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఖర్చు: జిరాక్సులు 380. మొత్తం 2,090.

మిగిలిన పని

దొరకని 25 కిలోలను నేను దుమ్ము ఖాతాలో రాసేసి ముగించేవాణ్ని. పదో తరగతి అమ్మాయి ఒకతె ఒప్పుకోలేదు. ఎండిన బరువు మనం తూచలేదు కదా సార్, మీటరు మాట నమ్మి కట్టాం కదా అంది. మీటరు అరశాతం తక్కువ చూపిస్తూ, అసలు తేమ 17.8 అయితే? 4,528 × 82.2 ÷ 86 = 4,328. అందులోంచి 3,412 తీస్తే ఊక 916. శంకువు చెప్పింది 917.

ఇది రుజువు కాదు. బకెట్ సాంద్రత కొంచెం మారినా ఇదే 25 కిలోలు వేరే దారిలో తేలుతుంది. మీటరు తప్పైతే 14.0 కూడా తప్పే కావచ్చు, అప్పుడు రెండు తప్పులూ కొంత కొట్టుకుపోతాయి. తేల్చడానికి మార్గం ఒక్కటే, అదే నమూనాను మీటరులో చూసి, తర్వాత ల్యాబు ఓవెన్‌లో ఆరబెట్టి బంగారం కాటా మీద తూచడం. ఓవెన్ కోసం దగ్గర్లోని కాలేజీని అడిగాం. కాటాకు ఒక నగల షాపాయన ఒప్పుకున్నాడు, మధ్యాహ్నం బేరాలు లేని వేళ రమ్మన్నాడు. నమూనాగా అదే లోడు ధాన్యం అర కిలో మూత బిగించిన సీసాలో ఉంచాం, మూత చుట్టూ టేపు వేసి.